మళ్ళీ ఆస్పత్రి గడప తొక్కకుండా

మూడేళ్ళ క్రితం నన్నొక అమెరికన్ హెల్త్ ఇన్సూరెన్స్ ప్రాజెక్టులో పడేశారు. పనేం గొప్పది కాదు. క్లెయిముల డేటా తీసుకుని, ఒక పేషెంటు డిశ్చార్జ్ అయిన తేదీ నుంచి 30 రోజుల్లోపు మళ్ళీ ఎక్కడైనా అడ్మిట్ అయ్యాడా లేదా చూసి, అయితే ఒక కాలమ్‌లో 'వై' పెట్టాలి. సెల్ఫ్ జాయిన్ తెలిసినవాడెవడైనా గంటలో రాసేస్తాడు. నేనూ రాసేశాను. ఆ 'వై' వెనక ఒక ముసలాయన ఉంటాడనీ, ఆయన్ని రెండోసారి అంబులెన్సు ఎక్కించేటప్పుడు ఇంట్లోవాళ్ళ మొహాలు ఎలా ఉంటాయనీ అప్పుడు నా బుర్రకి తట్టలేదు.

ఆ ఏడాదే మా తాతయ్యకి గుండె నీరసించి ఒళ్ళంతా నీరు పట్టింది. నాలుగు నెలల్లో మూడుసార్లు అడ్మిట్ చేశాం. ఆస్పత్రి పేరు వద్దులెండి. డబ్బులు బాగానే తీసుకున్నారు, వైద్యమూ బాగానే చేశారు. కాకపోతే ప్రతిసారీ ఇంటికి పంపేటప్పుడు చేతిలో పెట్టిన కాగితం ఇంగ్లీషులో ఉండేది. నీళ్ళ మాత్ర పొద్దున వేసుకోవాలని అందులో ఉంది. రాత్రి వేసుకుంటే నిద్రలో పదిసార్లు లేవాలి కదా, అందుకని తాతయ్య ఆ మాత్రే మానేశాడు. ఈ సంగతి మూడో అడ్మిషన్ దాకా ఎవరికీ తెలీదు. అమ్మమ్మ మాత్రం "ఉప్పు తగ్గించమన్నారురా, తగ్గించాను" అనేది. ఆవకాయలో ఉన్నది ఉప్పు కింద లెక్క కాదు ఆవిడకి.

అప్పుడు మొదలైంది నాకీ పిచ్చి. డిశ్చార్జికీ మళ్ళీ అడ్మిషన్‌కీ మధ్య ఇంట్లో జరిగేదాన్ని ఎవరైనా పట్టించుకున్నారా అని వెతుక్కుంటూ పోతే, ఆ పని అందరికంటే పొడుగ్గా, పెద్ద ఎత్తున చేసింది అమెరికా మాజీ సైనికుల శాఖ అని తేలింది. వాళ్ళు వి.ఎ. అంటారు. చాలామంది తెలుగు డాక్టర్లు ఈ వి.ఎ. ఆస్పత్రుల్లో పనిచేస్తుంటారు కాబట్టి ఆ పేరు మీలో కొందరికి కొత్త కాకపోవచ్చు. నేను మాత్రం అది పింఛన్ల ఆఫీసేమో అనుకునేవాణ్ణి :-)

కథ మొదలయ్యేది లింకన్ దగ్గర. 1865 మార్చి 3న, అంతర్యుద్ధం ఇంకా ముగియకముందే, గాయపడ్డ వాలంటీరు సైనికుల కోసం ఒక జాతీయ ఆశ్రమం పెట్టాలన్న చట్టం మీద ఆయన సంతకం పెట్టాడు. మొదటి శాఖ 1866లో మెయిన్ రాష్ట్రంలోని టోగస్‌లో తెరిచారు. ఇక్కడొక సంగతి గమనించండి. దాని పేరులో 'హోమ్' ఉంది గానీ అది సైనికుడి ఇల్లు కాదు. ఇల్లు లేనివాడికి, ఉన్నా చూసేవాళ్ళు లేనివాడికి సర్కారు కట్టిన పెద్ద వసతి. అంటే 'మీరు మా దగ్గరికి రండి, చూసుకుంటాం' అన్న పద్ధతి. తర్వాత వందేళ్ళూ దాదాపు అదే నడిచింది. మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక 1921లో వెటరన్స్ బ్యూరో పెట్టారు. దాని మొదటి పెద్ద చార్లెస్ ఫోర్బ్స్ ఆస్పత్రుల కాంట్రాక్టుల్లో తిని జైలుకెళ్ళాడు. (ఇలాంటి వార్తలు చదివితే మనకి కాస్త సొంతూరు గుర్తొస్తుంది.) 1930లో అన్నీ కలిపి వెటరన్స్ అడ్మినిస్ట్రేషన్ చేశారు. రెండో యుద్ధం ముగిసేసరికి లక్షలమంది తిరిగొస్తుంటే 1945లో జనరల్ ఒమర్ బ్రాడ్లీని తెచ్చి కూర్చోబెట్టారు. ఆయన హయాంలోనే వి.ఎ. ఆస్పత్రుల్ని మెడికల్ కాలేజీలతో ముడిపెట్టారు. దానివల్ల డాక్టర్ల నాణ్యత పెరిగింది, పరిశోధన పెరిగింది. మంచం మీద పడుకున్న రోగి చుట్టూ తిరిగే వైద్యం కూడా ఇంకా గట్టిపడింది.

ఇంటికెళ్ళి చూడటం అన్నది మాత్రం వేరే దారిలో పెరుగుతూ వచ్చింది. 1893లో లిలియన్ వాల్డ్ అనే నర్సు న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్‌లో వలసవచ్చిన పేదల అద్దెకొంపల మెట్లెక్కి వైద్యం చెయ్యడం మొదలుపెట్టింది. అదే హెన్రీ స్ట్రీట్ సెటిల్‌మెంట్ అయింది. 1947లో అదే ఊళ్ళో మాంటిఫియోర్ ఆస్పత్రి, బ్లూస్టోన్ అనే డైరెక్టరు చొరవతో, దీర్ఘరోగుల్ని ఇంట్లోనే ఉంచి డాక్టర్నీ నర్సునీ సోషల్ వర్కర్నీ అక్కడికే పంపే పథకం పెట్టింది. మంచం ఇంట్లో ఉంటుంది, బాధ్యత ఆస్పత్రిది. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

వి.ఎ. ఈ దారిలోకి వచ్చింది 1970ల మొదట్లో. ముందు కొన్ని ఆస్పత్రుల్లో పైలట్‌గా చేసి, తర్వాత 'హాస్పిటల్ బేస్డ్ హోమ్ కేర్' అని స్థిరపరిచారు. 1990ల మధ్యలో పేరు 'హోమ్ బేస్డ్ ప్రైమరీ కేర్' అని మార్చారు. పేరులో 'హాస్పిటల్' పోయి 'ప్రైమరీ' రావడం చిన్న విషయం కాదు. మొదట్లో ఇది ఆస్పత్రికి తోకలాంటిది. మంచం ఖాళీ చెయ్యడానికి రోగిని కాస్త ముందుగా ఇంటికి పంపి, వెనకాల నర్సుని పంపేవాళ్ళు. తర్వాత ఇదే ఆ మనిషికి అసలు వైద్యం అయింది. ఒక టీము ఉంటుంది. డాక్టరు, నర్సు, సోషల్ వర్కరు, ఆహారం చూసేవారు, ఫార్మసిస్టు, నడక చేతిపని నేర్పే థెరపిస్టు. 2007 తర్వాత మానసిక వైద్యం చూసేవాళ్ళూ చేరారు. వీళ్ళంతా ఒకే రోగి గురించి కూర్చుని మాట్లాడుకుంటారు. బాగయ్యేదాకా కాదు, చివరిదాకా చూస్తారు.

'చివరిదాకా' అన్నమాట మీద కాస్త ఆగుతాను. అమెరికాలో మామూలు ముసలివాళ్ళకి మెడికేర్ ఉంది, అందులోనూ హోమ్ హెల్త్ ఉంది. కానీ అది ఇల్లు కదల్లేనివాళ్ళకి, ఏదైనా నైపుణ్యం కావాల్సిన అవసరం ఉన్నప్పుడు, ఒక గడువుకి లెక్కగట్టి ఇచ్చేది. పుండు మానిందా, ఫైలు మూసెయ్. వి.ఎ. పథకంలో వచ్చేవాళ్ళు సగటున డెబ్భై దాటినవాళ్ళు, ఒక్కొక్కరికీ చాలా జబ్బులు. ఇలాంటివాళ్ళకి బాగవడం అంటూ ఉండదు. ఉన్నంతకాలం పడిపోకుండా పట్టుకోవడమే. మన భాషలో చెప్పాలంటే మెడికేర్‌ది టికెట్ క్లోజ్ చేసే పద్ధతి, వి.ఎ.ది ప్రొడక్షన్ సపోర్టు.

ఈ తేడాకి కారణం దయాగుణం ఒక్కటే అనుకోకండి. డబ్బు లెక్క వేరు. మెడికేర్ 1983లో ఆస్పత్రులకి రోజులనిబట్టి కాకుండా జబ్బునిబట్టి ఒకే మొత్తం ఇవ్వడం మొదలుపెట్టింది. దాంతో ఎంత తొందరగా ఇంటికి పంపితే ఆస్పత్రికి అంత లాభం. మళ్ళీ వస్తే? అది కొత్త అడ్మిషన్, కొత్త బిల్లు. 2009లో వచ్చిన ఒక పెద్ద పరిశోధనలో మెడికేర్ రోగుల్లో దాదాపు అయిదుగురిలో ఒకరు 30 రోజుల్లోపు తిరిగి ఆస్పత్రికి వస్తున్నారని తేలింది. మందులతో వైద్యం చేయించుకుని వెళ్ళి అలా తిరిగొచ్చినవాళ్ళలో సగంమందికి ఈ మధ్యలో ఒక్క డాక్టరు విజిట్ బిల్లు కూడా లేదు! ఆ తర్వాతే 2012 అక్టోబరు నుంచి రీఅడ్మిషన్లు ఎక్కువున్న ఆస్పత్రులకి జరిమానాలు మొదలయ్యాయి. నేను రాసిన ఆ 'వై' కాలమ్ ఎక్కడినుంచి ఊడిపడిందో అప్పుడర్థమైంది. వి.ఎ.కి ఈ బాధ లేదు. ఆస్పత్రీ వాళ్ళదే, ఇంటికెళ్ళే నర్సూ వాళ్ళ మనిషే, బడ్జెట్టూ ఒకటే. మళ్ళీ అడ్మిట్ అయితే నష్టం వాళ్ళకే.

అలాగని వి.ఎ. మొదట్నుంచీ తెలివిగా ఉందనుకుంటే పొరపాటు. 1996దాకా అక్కడి చట్టం చాలామంది మాజీ సైనికులకి ఔట్‌పేషెంటు వైద్యం ఇవ్వడానికి సవాలక్ష షరతులు పెట్టేది. అడ్మిట్ చేస్తే అన్నీ ఇవ్వొచ్చు. కాలు విరిగినవాడికి కట్టు కట్టొచ్చు గానీ, ఊతకర్రలు కావాలంటే అడ్మిట్ చెయ్యాల్సిందే అన్నది అప్పట్లో పదేపదే చెప్పుకున్న ఉదాహరణ. 1994లో వచ్చిన కెనెత్ కైజర్ అనే ఆయన దీన్ని తిరగేశాడు. దేశాన్ని 22 ప్రాంతాలుగా విడగొట్టి, 1996లో కొత్త అర్హత చట్టం రాగానే క్లినిక్కులు తెరిచి, నాలుగైదేళ్ళలో సగానికి పైగా ఆస్పత్రి మంచాలు మూసేశాడు. మంచాలు మూస్తే రోగులెక్కడికి పోతారు? అక్కడ ఇంటివైద్యం అలంకారం కాకుండా అవసరం అయింది.

ఇందులో మనవాళ్ళకి ఇంకో ఆకర్షణ ఉంది. విస్టా. మైక్రోసాఫ్ట్ వాడి విస్టా కాదు బాబోయ్. 1970ల చివర్లో వి.ఎ. ఉద్యోగులు కొందరు పై ఆఫీసుకి ఇష్టం లేకపోయినా ఆస్పత్రుల్లో రాసుకుంటూ పోయిన రోగుల రికార్డుల వ్యవస్థ. తమని తాము 'హార్డ్‌హ్యాట్స్' అని పిలుచుకునేవాళ్ళు. రాసింది మంప్స్ భాషలో. ఆ కోడ్ ఒకసారి తెరిచి చూడండి, తర్వాత జన్మలో పెర్ల్‌ని తిట్టరు. అందంగా లేకపోయినా పనిచేసింది. ఇంటికెళ్ళే నర్సు రాసేదీ, ఆస్పత్రిలో డాక్టరు చూసేదీ ఒకే రికార్డు. 'డిశ్చార్జ్ కాగితం ఎక్కడ పెట్టారు పెద్దాయనా' అని బీరువా వెతకక్కర్లేదు. (దీన్ని తీసేసి కొత్త సాఫ్ట్‌వేర్ పెడదామని 2018లో కాంట్రాక్టు ఇచ్చి, 2020లో స్పోకేన్‌లో మొదలుపెట్టి, గొడవలొచ్చి 2023లో మిగతాచోట్ల ఆపుకున్నారు. అది వేరే భాగోతం.)

సరే, ఇంతకీ పనిచేసిందా? ఇక్కడే నాకు ఈ కథ మీద గౌరవం పెరిగింది. వి.ఎ. తన పథకాన్ని తానే పరీక్షకి పెట్టింది, ఫలితాలు తనకి నచ్చనివైనా అచ్చువేసింది.

మొదటి దెబ్బ 1996లో. తొమ్మిది వి.ఎ. ఆస్పత్రుల్లో 1396 మందిని తీసుకున్నారు. షుగరు, గుండె నీరసం, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ళు. సగంమందికి డిశ్చార్జి ముందూ తర్వాతా ఒక నర్సు, ఒక డాక్టరు గట్టిగా ఫాలో అప్ చెయ్యాలి, మిగతా సగానికి మామూలుగా. రీఅడ్మిషన్లు తగ్గుతాయనే అందరూ అనుకున్నారు. పెరిగాయి! నెలకి మనిషికి 0.14 ఉండాల్సింది 0.19 అయింది. రోగులు మాత్రం చాలా సంతోషంగా ఉన్నారు. దగ్గరగా చూస్తే ఎక్కువ జబ్బులు కనపడతాయి కాబోలు. మానిటరింగ్ పెట్టగానే అలర్టులు పెరిగినట్టు. అయితే వీళ్ళు చేసింది క్లినిక్కు చుట్టూ తిప్పడం, ఇంటికెళ్ళడం కాదు.

ఇంటికెళ్ళేదాని లెక్క 2000లో వచ్చింది. 16 వి.ఎ. కేంద్రాలు, 1966 మంది, లాటరీ పద్ధతిలో రెండు గుంపులు. బాగా మంచాన పడ్డవాళ్ళలో ఆరునెలల దగ్గర రీఅడ్మిషన్లు తగ్గాయి. చూసుకునే భార్యల, కూతుళ్ళ భారం తగ్గింది, తృప్తి పెరిగింది. కానీ ఏడాది దగ్గరికొచ్చేసరికి ఆ రీఅడ్మిషన్ల తేడా నిలవలేదు, ఖర్చేమో 12 శాతం ఎక్కువైంది. పథకం మూసెయ్యడానికి ఈ ఒక్క వాక్యం చాలు. మూసెయ్యలేదు. ఎవరికి ఇస్తే లాభమో చూసుకుంటూ అన్నిటికంటే బరువైన కేసుల మీద పెట్టారు.

2007లో కొత్తగా చేరిన 9425 మంది లెక్కలు 2014లో బయటికొచ్చాయి. ఇంటివైద్యం లేని కాలంతో పోలిస్తే వి.ఎ., మెడికేర్ కలిపి ఆస్పత్రి అడ్మిషన్లు 25.5 శాతం తగ్గాయి. మొత్తం ఖర్చు అంచనా కంటే 11.7 శాతం తక్కువ. బావుంది కదా? నాకూ అలాగే అనిపించింది, రెండ్రోజులు. తర్వాత లోపలి టెస్టరు నిద్రలేచాడు. ఇది ముందూ తర్వాతా పోలిక, లాటరీ పద్ధతి కాదు. మనిషి ఈ పథకంలో చేరేదే పరిస్థితి బాగా దిగజారినప్పుడు. అలాంటప్పుడు తర్వాతి ఏడాది ఎవరూ ఏమీ చెయ్యకపోయినా కొంత మెరుగ్గానే కనపడుతుంది. సర్వరు క్రాష్ అయిన వారం తర్వాత కొలిస్తే ఏ ప్యాచ్ అయినా అద్భుతమే. ఖర్చు విషయంలో వాళ్ళు అంచనా మోడల్‌తో పోల్చి కొంత జాగ్రత్త పడ్డారు కాబట్టి ఆ 11.7 మీద నాకు ఆ 25.5 కంటే ఎక్కువ నమ్మకం.

ఇదే అనుమానం 2003లో దేశమంతా పెట్టిన టెలీహెల్త్ మీద కూడా ఉంది. రోగి ఇంట్లో చిన్న పెట్టె పెడతారు, ఫోను లైనుకి తగిలించి. పొద్దున్నే 'ఆయాసం ఎలా ఉంది, కాళ్ళు వాచాయా' అని అడుగుతుంది. బటన్ నొక్కాలి. బరువు, బీపీ వెళ్ళిపోతాయి. అవతల ఒక్కో నర్సు 100, 150 మందిని చూస్తుంది. 17,025 మంది లెక్క తీస్తే అడ్మిషన్లు 19 శాతం, ఆస్పత్రి రోజులు 25 శాతం తగ్గాయి. అదీ ముందూ తర్వాతా పోలికే.

అన్నిటికంటే నన్ను ఆపేసినవి మాత్రం ఊపిరితిత్తుల జబ్బు మీద చేసిన రెండు ప్రయోగాలు. 2010లో వచ్చినదాంట్లో అయిదు వి.ఎ. కేంద్రాల్లో 743 మంది. ఒక్కసారి గంటన్నర కూర్చోబెట్టి నేర్పడం, ఆయాసం పెరిగితే ఇంట్లో ఏ మాత్ర మొదలెట్టాలో కాగితం మీద రాసివ్వడం, నెలకో ఫోను. అడ్మిషన్లు, ఎమర్జెన్సీ విజిట్లు 41 శాతం తగ్గాయి. రెండేళ్ళకి ఇంచుమించు అదే ఆలోచనతో 20 ఆస్పత్రుల్లో 426 మంది మీద ఇంకోటి చేశారు. నేర్పినవాళ్ళలో 28 మంది చనిపోయారు, మామూలుగా వదిలేసినవాళ్ళలో 10 మంది. మధ్యలోనే ఆపేశారు. ఒకే శాఖ, ఒకే జబ్బు, ఒకేరకం ఆలోచన. ఎందుకలా జరిగిందో ఆ పరిశోధకులు కూడా తేల్చలేకపోయారు. 'ఇంట్లోనే సర్దుకుందాం' అని ఆస్పత్రికి రావాల్సినవాడు ఆగిపోతే రీఅడ్మిషన్ కాలమ్‌లో 'ఎన్' పడుతుంది. అది మంచి 'ఎన్' అని ఎవరు చెప్పారు? నా క్వెరీలో చావుకి కాలమ్ లేదు. క్లయింటు అడగలేదు, నేనూ పెట్టలేదు. ఇది చదివిన మర్నాడు మా లీడ్‌కి మెయిలు పెట్టాను. స్కోపులో లేదన్నాడు.

మరి ఇంటికెళ్తే దొరికేదేమిటి? పెద్ద వైద్యమేం కాదు. నర్సు వంటింటి అలమార తెరుస్తుంది. పాత మందు, కొత్త మందు రెండూ ఉంటాయి, పేర్లు వేరు, లోపల సరుకు ఒకటే. ఫ్రిజ్‌లో డబ్బా సూపులు, ఒక్కోదాంట్లో రోజుకి సరిపడా ఉప్పు. బాత్రూంలో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. గుండె నీరసం ఉన్నవాడు రోజూ పొద్దున బరువు చూసుకోవాలి, ఒక్కరోజులో కిలో, వారంలో రెండు కిలోలు పైన పెరిగితే అది కండ కాదు, నీరు. ఆయాసం రాకముందే బరువు చెప్పేస్తుంది. ఆరోజే ఫోను చేస్తే మాత్ర పెంచుతారు, నాలుగురోజులు ఆగితే ఐసీయూ. వి.ఎ. బయట కూడా పెన్సిల్వేనియా యూనివర్సిటీలో మేరీ నేలర్ అనే నర్సు 1999లో 363 మంది ముసలివాళ్ళ మీద దీన్ని చూపించింది. ఆస్పత్రిలో చూసిన నర్సే ఇంటికీ వెళ్ళేలా చేస్తే ఆరునెలల్లోపు తిరిగొచ్చినవాళ్ళు 37 శాతం నుంచి 20 శాతానికి తగ్గారు. అదీ లాటరీ పద్ధతిలోనే.

మాంటిఫియోర్ సంగతి గుర్తుంచుకోమన్నాను కదా. ఆ ఆలోచన ఇంకో మెట్టెక్కింది. మళ్ళీ ఆస్పత్రికి రాకుండా చూడ్డం కాదు, ఆస్పత్రినే ఇంటికి తీసుకుపోవడం. జాన్స్ హాప్కిన్స్‌లో బ్రూస్ లెఫ్ బృందం మొదలుపెట్టినది. 2005లో అచ్చయిన దాని పెద్ద ప్రయోగంలో మూడు చోట్లలో ఒకటి వి.ఎ. ఆస్పత్రి. న్యుమోనియా లాంటివాటికి సెలైను, ఆక్సిజను ఇంట్లోనే. ముసలివాళ్ళు ఆస్పత్రిలో మతి తప్పినట్టు మాట్లాడటం మనం చూస్తుంటాం, అది ఇంట్లో తగ్గింది. ఖర్చూ తగ్గింది.

తాతయ్య సంగతి చెప్పి ముగిస్తాను, లేకపోతే అడుగుతారు. మూడో డిశ్చార్జి తర్వాత మా మామయ్య వీధి చివర ఉండే రిటైర్డ్ నర్సమ్మగారిని బతిమాలాడు. ఆవిడ వారానికి రెండుసార్లు వచ్చేది. వచ్చిన మొదటిరోజే మందుల డబ్బా మంచం మీద బోర్లించి, "ఇది మానేశారు కదూ బాబాయిగారూ" అందట. నీళ్ళ మాత్ర పొద్దున ఆరింటికి మార్పించింది. నేను ఇక్కడ్నుంచి బరువు మిషను పంపాను. అమ్మమ్మకి అంకెలు వచ్చు కాబట్టి పాలవాడి లెక్కల పుస్తకంలోనే వెనకవైపు నుంచి బరువు రాసేది. పద్నాలుగు నెలలు ఆస్పత్రికి వెళ్ళలేదు. ఒక్క మనిషి, పోల్చడానికి కంట్రోల్ లేదు, పైగా ముందూ తర్వాతా పోలిక. పైన అంత గీరగా రాసినవాణ్ణి దీన్ని రుజువు అనలేను.

ఆ పుస్తకం ఇప్పుడు నా దగ్గరుంది. చివరి అంకె 61.4. దాని పక్కన అమ్మమ్మ చేతిరాతలో 'రెండు ముక్కలు ఆవకాయ తిన్నారు' అని ఉంది. నర్సమ్మగారికి చూపించడానికి రాసిపెట్టింది.